తోటి వేషానికి మాటలెవరు రాయాలి?

ఏటా వేసవిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర వస్తే తిరుపతి వీధులే రంగస్థలమవుతాయి. ఆడపిల్లలను చెరబట్టిన పాలెగాణ్ణి వెతుకుతూ అమ్మవారు బైరాగి, బండ, తోటి వేషాలు కట్టిందనీ, చివరకు దొర వేషంలో వాణ్ణి సంహరించిందనీ స్థలగాథ. భక్తులూ అదే వరుసలో వేషాలు కడతారు. తోటి వేషం నాడు ఒంటినిండా బొగ్గు పూసుకున్న యువకులను చిన్నప్పటినుంచీ చూస్తున్నాను. సాయంత్రం స్నానం చేస్తే ఆ నలుపు పోతుంది. తరతరాలుగా ఊరికి వెట్టి చేసిన నిజమైన తోటికి మాత్రం కులం ఏ నీళ్లకూ పోలేదు.

చిత్తూరు సీమకు నాటకం కొత్త కాదు. ద్రౌపదీ ధర్మరాజుల గుళ్ల దగ్గర పద్దెనిమిది రోజుల భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. ఒకనాడు అర్జునుడు తపస్సుమాను ఎక్కుతాడు, చివరినాడు దుర్యోధన వధ. అయితే ఆ కథ ముందే నిర్ణయమైనది. వేషగాడికీ, పలక కొట్టేవాడికీ తమ బతుకును అందులో చెప్పుకునే చోటు తక్కువ. అందుకే యువకులు తామే రాసి, తామే దర్శకత్వం వహించి, తామే ఆడే చిన్న నాటికను నేను కళాశాల వినోదంగా మాత్రమే చూడలేను.

ఈ మధ్య తిరుపతిలో వసతిగృహ విద్యార్థుల నాటిక ఒకటి చూశాను. నిడివి పావుగంట. తెర లేదు, రెండు కుర్చీలు, ఒక పెట్టె. చదువుకోవడానికి వచ్చిన ఇద్దరు యువకులు అద్దెగది కోసం తిరుగుతుంటారు. ఇంటి యజమాని ఊరు అడుగుతాడు, ఇంటిపేరు అడుగుతాడు, ఏం తింటారని అడుగుతాడు. కులం మాత్రం అడగడు. అంతా విని, గది నిన్ననే ఎవరికో ఇచ్చేశామంటాడు. ఆ పాత్రకు సంభాషణలు రాయవలసిన అవసరమే రాలేదట; బృందంలో అందరికీ అవి కంఠస్థమే.

ప్రదర్శనకు ముందు ఒక పెద్దమనిషి వారికి సలహా ఇచ్చారు: కులం ప్రస్తావన తీసేసి 'పేద విద్యార్థులు' అనండి, ఎవరికీ నొప్పి కలగదు. నాటిక రాసిన అమ్మాయి ఒప్పుకోలేదు. "పేదరికం వల్ల గది దొరకలేదంటే అబద్ధమవుతుంది సార్. అడ్వాన్సు వాళ్ల చేతిలోనే ఉంది కదా" అంది. నాటిక పొడవునా ఆ నోట్లు ఒక యువకుడి చేతిలోనే ఉంటాయి. వాటిని యజమాని తీసుకోడు.

స్వాతంత్ర్యానికి పూర్వమే బోయి భీమన్న 'పాలేరు' నాటకం రాశారు. అందులో పాలేరు చదువుకుని డిప్యూటీ కలెక్టరవుతాడు. ఆ నాటకం చూసి పిల్లలను బడికి పంపిన దళిత కుటుంబాలున్నాయి. చదువుతో తలుపులు తెరుచుకుంటాయన్నది ఆ తరం ఆశ. చదువుకున్నా, చేతిలో డబ్బున్నా కొన్ని తలుపులు తెరుచుకోలేదన్నది ఈ తరం రాస్తున్న తర్వాతి అంకం. దాన్ని రాయగలిగినవారు దాన్ని అనుభవించినవారే. వారి చేతిలోంచి కలం తీసుకుని సంస్కరించబోతే మిగిలేది మళ్లీ బొగ్గు పూసుకున్న వేషమే.

కులం గురించి మాట్లాడితేనే కులం పెరుగుతుందనే వాదన తరచూ వింటుంటాం. ఆ నాటికలో యజమాని కులం పేరు ఒక్కసారి కూడా ఎత్తడు. అయినా వివక్ష ఆగలేదు.

ఏప్రిల్ 14 అంబేడ్కర్ జయంతి. ఏప్రిల్ 16 కందుకూరి జయంతి, తెలుగు నాటకరంగ దినోత్సవం. నడుమ ఉన్నది ఒక్క రోజు. మన విశ్వవిద్యాలయాలు, కళాశాలలు ఆ 15వ తేదీన తమ సభామందిరాలను విద్యార్థుల సొంత నాటికలకు అప్పగించాలి. దీపాలు, మైకు, పావుగంట సమయం ఇస్తే చాలు. మాటలు దిద్దే పని మాత్రం పెద్దలు పెట్టుకోకూడదు.