మీకు తెలుసా? ఈ బ్యాండులో నలుగురూ ఉత్తుత్తి మనుషులే!

1980లో లండన్ నుంచి ‘మ్యూజిక్ ఫర్ పార్టీస్’ అని ఓ ఎలక్ట్రో-పాప్ ఆల్బమ్ వచ్చింది. బ్యాండు పేరు సిలికాన్ టీన్స్. వాళ్లకదే మొదటి ఆల్బమ్, అదే ఆఖరిది కూడా. ఎలక్ట్రానిక్ పాప్ చరిత్ర చెప్పేవాళ్లు క్రాఫ్ట్‌వెర్క్ బ్యాండు దగ్గర మొదలుపెట్టి డెపెష్ మోడ్ దగ్గరికి ఒక్క గెంతు గెంతుతారు. మధ్యలో ఉన్న ఈ ఆకతాయి రికార్డును పట్టించుకునేవాళ్లు తక్కువ. పట్టించుకోవాల్సిన సంగతులు మాత్రం బోలెడున్నాయి.

● రికార్డు లెక్క ప్రకారం బ్యాండులో నలుగురు: డారిల్, జాకీ, పాల్, డయాన్. ఆ నలుగురూ కల్పితమే! పాటల వెనకున్నది డేనియల్ మిల్లర్ అనే ఒకే ఒక్కడు. టీనేజీ కుర్రాడు కూడా కాదు, అప్పటికే ముప్పయ్యో పడికి దగ్గరపడ్డాడు. నిర్మాతగా వేసుకున్న లారీ లీస్ట్ అనే పేరూ ఆయనదే. 60ల్లో వరస హిట్లిచ్చిన నిర్మాత మికీ మోస్ట్ మీద అదో చెణుకు.

● మరి వీడియోలో కనిపించాలంటే మొహం కావాలిగా? ఆ పని ఫ్రాంక్ టోవీకి పడింది. ‘ఫ్యాడ్ గ్యాజెట్’ పేరుతో మిల్లర్ సొంత రికార్డు లేబుల్‌కే పాటలు చేసే ఈ గాయకుడు డారిల్ వేషం కట్టాడు. పాడేదొకరు, పెదవులు కదిపేదొకరు! ప్లేబ్యాక్ మీద పెరిగిన మనకు ఇందులో వింతేం లేదుగానీ, రాక్ ప్రపంచంలో అది తుంటరి పనే.

● గిటారు బదులు సింథసైజర్ చేతికొచ్చిన కుర్రాళ్లు రాక్ అండ్ రోల్ వాయిస్తే ఎలా ఉంటుంది? మిల్లర్ వేసుకున్న ప్రశ్న ఇదే. అందుకే ఆల్బమ్‌లో చాలావరకు 50లు, 60ల నాటి పాటలు. సొంతంగా కట్టినవి కొన్నే.

● కింక్స్ బృందం 1964లో చేసిన ‘యూ రియల్లీ గాట్ మీ’కి ప్రాణమంతా గిటారు గరగరలోనే ఉంది. ఆ శబ్దం కోసం డేవ్ డేవిస్ ఆంప్లిఫయర్ స్పీకర్ కోన్‌ను బ్లేడుతో చీల్చేశాడు. అలాంటి పాట తీసుకుని అందులోంచి గిటారునే పీకేశాడు మిల్లర్! కోపం తీసేసిన ఆ పాట వీడియో గేమ్‌లా చిందులేస్తుంది. కింక్స్ అభిమానులు తిట్టుకోవచ్చు. నాకు మాత్రం నవ్వొస్తుంది, మళ్లీ వినబుద్ధేస్తుంది.

● చక్ బెర్రీ 1959 నాటి ‘మెంఫిస్ టెనెసీ’లో ఒకతను ఫోన్ ఆపరేటర్‌ని బతిమాలుతుంటాడు, మేరీకి లైన్ కలపమని. ప్రియురాలే అనుకుంటూ వింటాం. చివర్లో తేలుతుంది, మేరీ ఆరేళ్ల పిల్లని, విడిపోయిన కాపురంలో తల్లి దగ్గర ఉండిపోయిన అతని కూతురని. మిల్లర్ దీన్ని ఏ భావమూ పలికించకుండా చదునుగా పాడతాడు. చిత్రమేమిటంటే ఆ పొడిగొంతుకే జాలి ఎక్కువ పుడుతుంది. నన్నడిగితే ఆల్బమ్‌కి తలమానికం ఇదే.

● ఆల్బమ్‌లోని ‘జస్ట్ లైక్ ఎడ్డీ’ 1963లో హైంజ్ పాడిన పాట. 1960లో కారు ప్రమాదంలో పోయిన రాక్ గాయకుడు ఎడ్డీ కోక్రన్‌కి నివాళి. దాని నిర్మాత జో మీక్. ఆయన 1962లో చేసిన ‘టెల్‌స్టార్’లో వినిపించేది క్లావియోలిన్ జాతి ఎలక్ట్రానిక్ కీబోర్డు. క్లావియోలిన్‌ని మనమూ ఎరుగుదుం, పేరు తెలియదంతే. 1954 నాటి హిందీ ‘నాగిన్’లో పాములవాడి నాగస్వరంలా వినిపించింది అదే! వాయించింది కల్యాణ్‌జీ.

● ‘రెడ్ రివర్ రాక్’ది మరీ సుదీర్ఘ ప్రయాణం. పందొమ్మిదో శతాబ్దపు ఉత్తర అమెరికా జానపద గీతాన్ని 1959లో జానీ అండ్ ద హరికేన్స్ రాక్ వాద్య సంగీతంగా మార్చారు. దాన్ని సిలికాన్ టీన్స్ సింథసైజర్ మీదికెక్కించారు. అది కాస్తా 1987లో స్టీవ్ మార్టిన్, జాన్ క్యాండీల హాలీవుడ్ కామెడీ ‘ప్లేన్స్, ట్రైన్స్ అండ్ ఆటోమొబైల్స్’లో మోగింది. సినిమా చూసినవాళ్లలో బ్యాండు పేరు గుర్తున్నవాళ్లెందరో!

● మిల్లర్ అసలు లేబుల్ పెడదామనుకోలేదు. 1978లో ‘ద నార్మల్’ పేరుతో ఇంట్లోనే కోర్గ్ 700ఎస్ సింథసైజర్, నాలుగు ట్రాకుల టేప్ రికార్డరుతో ఓ సింగిల్ చేసుకున్నాడు. ఆ కోర్గ్ మీద ఒకేసారి రెండు స్వరాలు పలకవు. పొరమీద పొర రికార్డు చేసుకోవాల్సిందే. రికార్డు కవరు మీద వాళ్లమ్మగారింటి అడ్రసు వేశాడు. ఇంకేముంది, ఊరూపేరూ లేని కుర్రాళ్లంతా ఆ అడ్రసుకి తమ టేపులు పంపడం మొదలెట్టారు. మ్యూట్ రికార్డ్స్ అలా నిలబడింది. అన్నట్టు ఆ సింగిల్‌లోని ‘వామ్ లెదరెట్’ని 1980లో గ్రేస్ జోన్స్ పాడి, ఆల్బమ్‌కే ఆ పేరు పెట్టుకుంది.

● ఉత్తుత్తి బ్యాండు వచ్చిన ఏడాదే నిజం బ్యాండు ఎదురైంది. లండన్‌లోని ఓ పబ్బులో ఫ్యాడ్ గ్యాజెట్‌కి ముందు వాయించిన నలుగురు కుర్రాళ్లు, అచ్చం మిల్లర్ ఊహించుకున్నట్టే సింథసైజర్లు ముందేసుకుని నిలబడ్డారు. కాగితం మీద సంతకం లేదు, మిల్లర్‌తో చేయి కలపడమే ఒప్పందం. వాళ్లే డెపెష్ మోడ్. 1981లో వచ్చిన వాళ్ల తొలి ఆల్బమ్ బ్రిటన్ టాప్ 10లోకి ఎక్కింది.

● వినాలనుకుంటే ఏకబిగిన వద్దు. నాలుగు పాటలు దాటేసరికి ఆ టక్‌టక్ దరువు ఒకేలా తోస్తుంది. ‘మెంఫిస్ టెనెసీ’, ‘రెడ్ రివర్ రాక్’, ‘యూ రియల్లీ గాట్ మీ’ ఒకరోజు వినండి, తక్కినవి ఇంకోరోజు. కుదిరితే కింక్స్ ఒరిజినల్ పక్కనే పెట్టుకోండి, తమాషా అప్పుడు తెలుస్తుంది.