పాత మినీ ట్రక్కు కొంటున్నారా? రంగు చూసి మోసపోకండి

టమాటా కోతకొచ్చిన రోజున బండి దొరకదు. దొరికినా కిరాయి చుక్కలు చూపిస్తుంది. సరుకు ఆలస్యంగా మండీకి చేరితే పాట అయిపోయి, మిగిలిన ధరకే ఇచ్చి రావాల్సి వస్తుంది. ఈ బాధ పడలేక మదనపల్లె, పలమనేరు, కుప్పం వైపు కూరగాయల రైతులు చాలామంది పాత మినీ ట్రక్కుల వైపు చూస్తున్నారు. 2005లో టాటా ఏస్ వచ్చాక ఇలాంటి చిన్న బండ్లు ఊరూరా కనిపిస్తున్నాయి. సెకండ్ హ్యాండ్‌లో దొరకడమూ కష్టం కాదు.

కష్టమల్లా మంచి బండిని ఎంచుకోవడమే. ఇంట్లో బంగారం కుదువపెట్టి తెచ్చిన డబ్బుతో రోగాల బండి కొంటే ఒక పంట రాబడి మెకానిక్ షెడ్డుకే పోతుంది. కాగితాలు సరిగ్గా లేని బండి అయితే ఏకంగా పొలం మీదికే తెస్తుంది.

ముందు లెక్క, తర్వాత బండి

ఏడాదిలో మీ సరుకు ఎన్ని ట్రిప్పులు వెళుతుందో కాగితం మీద రాసుకోండి. ఉదాహరణకు 40 ట్రిప్పులు, ట్రిప్పుకు కిరాయి రూ.1,500 అనుకుంటే ఏడాదికి 60 వేలు. సొంత బండికి డీజిల్, ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్, టైర్లు, రిపేర్లు, అప్పు మీద వడ్డీ కలిపి అంతకు మించుతుంటే కిరాయి బండే నయం. ఇద్దరు ముగ్గురు రైతులు కలిసి కొనేటట్టయితే ఎవరి పేరున ఉండాలి, రిపేరు ఖర్చు ఎవరెంత పెట్టుకోవాలి అన్నది ముందే రాసుకోవాలి.

బండి మోసే బరువూ చూడాలి. టాటా ఏస్ గోల్డ్ లాంటివి సుమారు 750 కిలోలు మోస్తాయి. అంటే 25 కిలోల క్రేట్లు 30. అశోక్ లేలాండ్ దోస్త్ టన్నుంపావు దాకా మోస్తుంది. బొలెరో పికప్‌లో రకాన్ని బట్టి ఇంకా ఎక్కువ మోసేవీ ఉన్నాయి. సరుకుతో కలిపి మొత్తం బరువు 3,000 కిలోలు దాటని బండికి పర్మిట్ అక్కర్లేదు. దాటితే కావాలి. లైసెన్సు విషయానికొస్తే, లైట్ మోటార్ వెహికల్ లైసెన్సు ఉన్నవారు 7,500 కిలోల లోపు రవాణా వాహనం నడపవచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఏం మోసిన బండో అడగండి

కోస్తా నుంచి వచ్చిన బండి అయితే చేపలు, రొయ్యలు మోసిందేమో కనుక్కోవాలి. ఉప్పునీరు, ఐసు నీరు కారి కారి బాడీ కింద ఇనుము తుప్పు తినేస్తుంది. పైన కొత్త రంగు వేసినా లోపల పుచ్చిపోయి ఉంటుంది. ఇసుక, కంకర తోలిన బండికి కమాన్ కట్టలు, క్రౌన్ అరిగిపోయి ఉంటాయి. ఊరి పాల కేంద్రానికో, కిరాణా సరుకులకో తిరిగిన బండి సాధారణంగా అంత దెబ్బతిని ఉండదు.

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్లండి

బండి చూడ్డానికి తెల్లవారుజామున వెళ్లడం మేలు. మీరు వెళ్లేసరికే ఇంజిన్ వేడిగా ఉంటే అనుమానించాలి. స్టార్టింగ్ ట్రబులున్న బండిని ముందే నడిపి పెడుతుంటారు.

రేడియేటర్ మూత చల్లగా ఉన్నప్పుడు మాత్రమే తీసి చూడాలి. నీళ్ల మీద నూనె తెట్టు తేలితే మంచిది కాదు. ఆయిల్ పోసే మూత లోపల పాలు కలిపిన టీ రంగులో జిగురు కనిపిస్తే ఇంజిన్ ఆయిల్‌లో నీరు కలుస్తున్నట్టే. గ్యాస్కెట్ పోయి ఉండవచ్చు.

స్టార్ట్ చేశాక పొగ రంగు గమనించండి. నీలం పొగ ఆగకుండా వస్తుంటే ఇంజిన్ ఆయిల్ తాగుతోంది. నల్ల పొగ అయితే ఇంజెక్టర్లు గానీ ఎయిర్ ఫిల్టర్ గానీ చూపించుకోవాలి. వేడెక్కాక కూడా తెల్ల పొగ తగ్గకపోతే మెకానిక్ చూడకుండా బేరం ఆడొద్దు. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ మూత కొంచెం వదులు చేస్తే గాలి బుసబుసమని గట్టిగా తన్నుకొస్తోందా? రింగులు, లైనర్లు అరిగాయనుకోవాలి. బోరు పని వేలల్లో ఖర్చు.

2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 బండ్లలో సెన్సార్లు ఎక్కువ. తాళం తిప్పగానే మీటర్ బోర్డులో ఇంజిన్ గుర్తు లైటు వెలగాలి, స్టార్టయ్యాక ఆరిపోవాలి. ఆరకపోతే లోపం ఉంది. అసలు వెలగకపోతే ఆ లైటే తీసేసి ఉండవచ్చు.

కింద పడుకుని చూడాల్సిందే

బట్టలకు మట్టి అంటుతుందని మొహమాటపడొద్దు. టార్చి లైటు తీసుకుని ఛాసిస్ పొడవునా చూడండి. పగులు, కొత్త వెల్డింగు, ఒక్కచోటే కొత్త రంగు ఉంటే ప్రమాదం జరిగిన బండి కావచ్చు. కమాన్ పట్టీలు విరిగాయా, బండి ఒక పక్కకు ఒరిగిందా గమనించాలి.

టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. గీతలు బాగున్నా పాతబడిన టైరు బరువుతో పేలవచ్చు. ముందు టైరు ఒక అంచునే అరిగితే అలైన్‌మెంటు గానీ కింగ్‌పిన్‌లు గానీ పోయి ఉంటాయి.

సరుకు వేసి, చడావు ఎక్కించి చూడండి. ఇంజిన్ కేక పెరుగుతున్నా బండి లాగకపోతే క్లచ్ ప్లేటు అయిపోయినట్టే. గేరు జారడం, వెనక క్రౌన్ ఊళ వేయడం, బ్రేకు వేస్తే ఒక పక్కకు లాగడం కూడా చూసుకోవాలి. నమ్మకమైన మెకానిక్‌కు నాలుగొందలు ఇచ్చి వెంట తీసుకెళ్లడం దండగ కాదు.

కాగితాలే అసలు బండి

ఆర్సీలోని ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు బండి మీద ఉన్నవాటితో అక్షరం అక్షరం సరిపోవాలి. చెక్కినట్టు, గీకినట్టు ఉంటే అక్కడి నుంచి వచ్చేయండి. ఫిట్‌నెస్, ఇన్సూరెన్సు, పన్ను, కాలుష్య పత్రం ఎప్పటి వరకు ఉన్నాయో చూడాలి. రవాణా వాహనానికి ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకోసారి, తర్వాత ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. పదిహేనేళ్లు దాటిన బండ్లకు 2022 ఏప్రిల్ నుంచి ఈ ఫీజు బాగా పెరిగింది. అందుకే మరీ పాతది చవగ్గా వచ్చినా చవక కాదు. చలానాల బకాయిలు ఉన్నాయేమో నెట్‌లో చూపించుకోండి.

ఆర్సీ మీద ఫైనాన్స్ పేరుంటే, అప్పు తీరినట్టు వారి నిరభ్యంతర పత్రం, 35 నంబరు ఫారం చేతికి రావాలి. "తర్వాత ఇస్తాం" అన్న మాట నమ్మొద్దు. కంతులు బాకీ ఉంటే ఫైనాన్స్ వాళ్లు బండిని మీ ఇంటి ముందు నుంచే తీసుకుపోతారు. పక్క రాష్ట్రం బండి అయితే అక్కడి ఆర్టీఏ నుంచి ఎన్‌ఓసీ తప్పనిసరి.

స్టాంపు కాగితం మీద ఒప్పందం రాసుకుంటే బండి మన పేరుకు మారినట్టు కాదు. 29, 30 నంబరు ఫారాల మీద సంతకాలు తీసుకుని 30 రోజుల్లోగా ఆర్టీఏకు దరఖాస్తు చేసుకోవాలి. ఇన్సూరెన్సు మార్పిడికి 14 రోజుల్లోగా కంపెనీకి రాయాలి. మీరు పాత బండి అమ్మేటప్పుడూ ఇదే జాగ్రత్త. ప్రమాదం జరిగితే రిజిస్టరులో ఎవరి పేరుంటే వారే బాధ్యులని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. బండి అమ్మేసి మూడేళ్లయినా పేరు మారకపోతే పరిహారం మీ మెడకే చుట్టుకుంటుంది.

డబ్బు ఇచ్చేటప్పుడు

ధర మొత్తం ఒకేసారి ఇవ్వొద్దు. అడ్వాన్సు కొద్దిగా ఇచ్చి రసీదు తీసుకోండి. మిగతాది ఆర్సీ యజమాని బ్యాంకు ఖాతాకే పంపండి, బ్రోకరు చేతికి కాదు. పేరు మారేదాకా కొంత సొమ్ము నిలిపి ఉంచుకోవడం మంచిది.

బండి ఇంటికొచ్చాక కూలీలను వెనక బాడీలో ఎక్కించుకోవడం మన దగ్గర మామూలే. అది మానుకోవాలి. సరుకు బండిలో మనుషులు గాయపడితే ఇన్సూరెన్సు కంపెనీ తప్పుకునే అవకాశం ఉంది. అప్పుడు కట్టాల్సింది యజమానే.

గుర్తుంచుకోండి

* చల్లని ఇంజిన్, పొగ రంగు, ఆయిల్ మూత
* ఛాసిస్ పగుళ్లు, కమాన్లు, టైరు తేదీ
* సరుకుతో చడావు మీద నడిపి చూడటం
* ఛాసిస్ నంబరు, ఫైనాన్స్ క్లియరెన్సు, ఫిట్‌నెస్
* 30 రోజుల్లో పేరు మార్పు, 14 రోజుల్లో ఇన్సూరెన్సు మార్పు