ఫ్లూ మీద ప్రపంచం కాపలా

"జలుబే కదా, దానంతట అదే పోతుంది" అనుకుంటాం మనం. కానీ మామూలు జలుబు వేరు, ఫ్లూ వేరు. ఇన్‌ఫ్లుయెంజా వైరస్ వల్ల వచ్చే ఈ జ్వరం ఏటా సుమారు వంద కోట్ల మందికి సోకుతుంది. దీనివల్ల శ్వాసకోశాలు దెబ్బతిని ఏటా 2,90,000 నుంచి 6,50,000 మంది చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

ఈ వైరస్ ఎప్పటికప్పుడు రూపం మార్చుకుంటుంది. అందుకే నిరుటి టీకా ఈ ఏడాది సరిగా పనిచేయకపోవచ్చు. ఆ మార్పులను కనిపెట్టడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 1952లో ఒక నిఘా వ్యవస్థను ఏర్పాటు చేసింది. నేడు 120కి పైగా దేశాల ప్రయోగశాలలు ఇందులో ఉన్నాయి. మన దేశం నుంచి పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ ఉంది. రోగుల ముక్కు, గొంతుల నుంచి దూదిపుల్లతో నమూనాలు తీసి పరీక్షిస్తారు. వాటి ఫలితాలను బట్టి నిపుణులు కొత్త టీకాలో ఏ రకాలు ఉండాలో సూచిస్తారు. చలికాలం అందరికీ ఒకేసారి రాదు కనుక ఉత్తరార్ధగోళానికి ఫిబ్రవరిలోను, దక్షిణార్ధగోళానికి సెప్టెంబరులోను ఈ నిర్ణయం జరుగుతుంది.

ఒక వింత చూడండి. ఫ్లూ 'బి' రకంలో యమగాటా అనే శాఖ 2020 మార్చి తర్వాత కనిపించలేదు. అందువల్ల టీకాలో అది ఇక అక్కరలేదని 2023లో నిపుణులు తేల్చారు. ఒక వైరస్ లేదని చెప్పాలన్నా వెతుకుతూనే ఉండాలి కదా!

మిత్రులారా! ఒకే గదిలో పక్కపక్కన పడుకునే మనం దగ్గేటప్పుడు నోటికి రుమాలు అడ్డుపెట్టుకుందాం. జ్వరం వస్తే దాచకుండా వార్డెన్ గారికి చెబుదాం. ఇంత పెద్ద కాపలా కూడా ఒక రోగి డాక్టరు దగ్గరికి వెళ్లడంతోనే మొదలవుతుంది.