ఖాళీగా నిలిచిన ఉస్మానియా భవనం: కూల్చడమా, కాపాడడమా?

హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఉత్తర తీరాన ఉన్న ఉస్మానియా జనరల్ ఆసుపత్రి పాత భవనంలో 2020 జులై నుంచి రోగులు లేరు. ఆ నెలలో కురిసిన భారీ వర్షాలకు వాన నీరు, మురుగు నీరు కింది అంతస్తు వార్డులను ముంచెత్తడంతో భవనాన్ని ఖాళీ చేయించారు. రోగులను ఆవరణలోని ఇతర భవనాలకు తరలించారు. ఈ కట్టడాన్ని కూల్చాలా, కాపాడాలా అన్న వివాదం మాత్రం అంతకు ముందు నుంచే సాగుతోంది.

వరద మిగిల్చిన పాఠం

ఈ ఆసుపత్రి చరిత్ర 1908 సెప్టెంబర్ 28 నాటి మూసీ వరదతో ముడిపడి ఉంది. ఆ విపత్తులో వేలాది మంది ప్రాణాలు కోల్పోయారు. నదీ తీరాన ఉన్న అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి కూడా కొట్టుకుపోయింది. సమీపంలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు నేటికీ ఆసుపత్రి ఆవరణలో ఉంది. వరద అనంతరం మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల మేరకు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు రూపుదిద్దుకున్నాయి. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో నగరాభివృద్ధి సంస్థ చేపట్టిన పునర్నిర్మాణంలో భాగంగా, వాస్తుశిల్పి విన్సెంట్ ఎష్ రూపకల్పనలో కొత్త ఆసుపత్రి వెలసింది. నదికి ఆవలి ఒడ్డున ఉన్న హైకోర్టు భవనం కూడా ఆయన రూపకల్పనే.

ఇరుపక్షాల వాదన

కూల్చివేతను కోరేవారి వాదనను తేలిగ్గా తీసివేయలేం. ఉస్మానియాకు వచ్చేవారిలో అత్యధికులు నిరుపేదలు. పైకప్పు పెచ్చులు ఊడిపడే వార్డుల్లో వారికి చికిత్స చేయడం సబబు కాదు. ఆక్సిజన్ గొట్టాలు, లిఫ్టులు, అగ్నిమాపక ఏర్పాట్లు, ఇన్ఫెక్షన్ల నియంత్రణకు తగిన ఆపరేషన్ థియేటర్లు వందేళ్ల నాటి కట్టడంలో ఇమడడం కష్టం. వైద్యులు, సిబ్బంది పలుమార్లు ఆందోళనలకు దిగింది ఈ కారణంగానే.

2015లో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం ఈ భవనాన్ని తొలగించి బహుళ అంతస్తుల ఆసుపత్రి నిర్మిస్తామని ప్రకటించింది. చరిత్రకారులు, వాస్తుశిల్పులు అభ్యంతరం చెప్పారు. భవనాన్ని పరిశీలించిన ఇంటాక్ నిపుణులు, మరమ్మతులతో దానిని నిలబెట్టవచ్చని నివేదించారు. వివాదం న్యాయస్థానం మెట్లెక్కింది.

చట్టం ఏమంటోంది

నగరంలోని చారిత్రక కట్టడాలకు రక్షణ కల్పించిన హుడా 13వ నిబంధనను 2015 డిసెంబరులో తొలగించారు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. ఈ రెండింటి నడుమ ఏర్పడిన సందిగ్ధత ఎర్రమంజిల్ వ్యవహారంలో బయటపడింది. ఆ ప్యాలెస్ స్థానంలో శాసనసభ సముదాయం నిర్మించాలన్న మంత్రివర్గ నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో హైకోర్టు కొట్టివేసింది. ప్రభుత్వ ఆస్తి అయినంత మాత్రాన చట్టబద్ధమైన ప్రక్రియను పక్కన పెట్టడం కుదరదని ఆ తీర్పు స్పష్టం చేసింది.

ఖాళీ భవనం ఎందుకు కుంగుతుంది

రాయి, ఇటుక, డంగు సున్నంతో కట్టిన గోడలు తేమను పీల్చుకుంటాయి, ఎండకు తిరిగి వదులుతాయి. వాటిపై సిమెంటు పూత వేస్తే తేమ లోపలే చిక్కుకుని గోడను తినేస్తుంది. మనుషులు మసలుతున్నంత కాలం పైకప్పు తూములను ఎవరో ఒకరు శుభ్రం చేస్తారు, కారే చోటును గమనిస్తారు. తాళం పడ్డాక తూముల్లో ఆకులు పేరుకుంటాయి, నీరు నిలుస్తుంది. పక్షులు వదిలిన గింజల నుంచి రావి, మర్రి మొక్కలు మొలిచి, వాటి వేర్లు గోడల పగుళ్లలోకి దిగుతాయి. గడిచిన ప్రతి వానాకాలం మరమ్మతు వ్యయాన్ని పెంచుతుంది. నిర్ణయాన్ని వాయిదా వేస్తూ పోతే కూల్చివేత ఉత్తర్వు లేకుండానే కట్టడం కూలుతుంది.

మధ్యేమార్గం

2025 జనవరి 31న గోషామహల్‌లో 2,000 పడకల కొత్త ఉస్మానియా ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. దీనితో వివాదం స్వరూపమే మారింది. రోగుల భద్రత, చరిత్ర పరిరక్షణ అనే రెండు అవసరాలు ఇక ఒకే స్థలం కోసం పోటీ పడవలసిన పనిలేదు. అయితే ఆసుపత్రి తరలిపోయినంత మాత్రాన పాత భవనం దక్కినట్లు కాదు. దానికి కొత్త వినియోగం, ఏటా నిర్వహణ నిధులు, బాధ్యత వహించే శాఖ ఉండాలి.

నగరంలోనే ఇందుకు ఉదాహరణలున్నాయి. మొజంజాహీ మార్కెట్‌ను 2020లో పునరుద్ధరించారు, అక్కడ వ్యాపారం సాగుతూనే ఉంది. కోఠిలోని మహిళా విద్యాసంస్థ ఆవరణలో శిథిలావస్థకు చేరిన బ్రిటిష్ రెసిడెన్సీ సైతం సుదీర్ఘ మరమ్మతుల అనంతరం పూర్వ వైభవాన్ని సంతరించుకుంది. ఈ రెండు చోట్లా పునరుద్ధరించిన కట్టడం జన సంచారం ఉన్న ప్రాంగణంలోనే నిలిచింది.

ఉస్మానియా భవనాన్ని వైద్య చరిత్ర ప్రదర్శనశాలగానో, శిక్షణ కేంద్రంగానో, గ్రంథాలయంగానో తీర్చిదిద్దవచ్చు. దేనికి వినియోగించాలన్నది చర్చించి తేల్చుకోదగిన అంశం. ఆ చర్చ ముగిసేదాకా చేయవలసిన పనులు మాత్రం స్పష్టం: తూములు శుభ్రం చేయడం, మొక్కల వేర్లు తొలగించడం, పైకప్పు కారకుండా చూడడం. ఇవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. వచ్చే వానాకాలానికి ముందే అవి పూర్తవుతాయా లేదా అన్నదానిపైనే ఆ గోడల ఆయుష్షు ఆధారపడి ఉంది.