తుపాకీ నెంబరు బండి నెంబరు లాంటిదేనా? అమెరికాలో తయారీదారు రాయాల్సిన లెక్కలు

పోయిన వారం మా మామూ ఫోన్ చేశారు. ఆయన చిన్న కొడుకు టెక్సాస్‌లో ఎంఎస్ చదువుతున్నాడు. "బేటా, మావాడి రూంమేట్ తుపాకీ కొన్నాడంట. దాని మీద నెంబరు ఉంటుందంట. మన బండికి ఆర్‌సీ ఉన్నట్టే కదా? రేపు ఏదైనా అయితే నెంబరు కొట్టి ఎవరిదో పట్టుకుంటారు కదా? మావాడికి ఏం సంబంధం ఉండదు కదా?" అని వరుసగా అడిగారు.

మొదటి ప్రశ్నకు సగం అవును, సగం కాదు అని చెప్పాలి. చివరి ప్రశ్నకు మాత్రం ఆయన అనుకున్నంత తేలికైన జవాబు లేదు. మన ఇళ్లలో చాలామంది పిల్లలు డల్లాస్, హ్యూస్టన్, చికాగోల్లో ఉన్నారు కాబట్టి అసలు ఆ నెంబరు ఎలా పుడుతుంది, ఎవరి పుస్తకంలో ఎక్కుతుంది, ఎక్కడ తెగిపోతుంది అనేది ఒకసారి వివరంగా చూద్దాం. నేను బీకాం చదివినవాణ్ణి. నాకైతే ఈ వ్యవహారం ఆర్టీఓ ఆఫీసు కంటే కిరాణా హోల్‌సేల్ షాపు స్టాక్ రిజిస్టర్‌లాగే కనిపించింది.

సి2766 చెప్పిన పాఠం

1963 నవంబర్ 22న డల్లాస్‌లో అధ్యక్షుడు కెన్నెడీ హత్య జరిగింది. దగ్గరలోని ఒక పుస్తకాల గోదాము భవనం ఆరో అంతస్తులో పోలీసులకు ఇటలీలో తయారైన పాత రైఫిల్ దొరికింది. దాని మీద ఉన్న నెంబరు సి2766. ఆ నెంబరు పట్టుకుని ఎఫ్‌బీఐ వాళ్లు న్యూయార్క్‌లోని దిగుమతి కంపెనీ రికార్డులు చూశారు. అక్కడి నుంచి సరుకు చికాగోలోని క్లైన్స్ అనే షాపుకు వెళ్లినట్టు తేలింది. షాపువాళ్లు రాత్రికి రాత్రి ఫైళ్లు తిరగేస్తే ఒక పోస్టల్ ఆర్డర్ కాగితం బయటపడింది. ఎ. హిడెల్ అనే పేరు, డల్లాస్ పోస్ట్ బాక్స్ చిరునామా. ఆ చేతిరాత లీ హార్వీ ఓస్వాల్డ్‌దని తర్వాత నిపుణులు తేల్చారు.

ఇక్కడ ఒక్క విషయం గమనించండి. సి2766 అనే అంకె దానంతట అది ఎవరి పేరూ చెప్పలేదు. దిగుమతిదారు కాగితం, షాపు కాగితం, కొన్నవాడి ఆర్డర్ కాగితం, ఈ మూడూ దొరికాయి కాబట్టే పేరు బయటికొచ్చింది. ఇనుము మీద నెంబరు, కాగితం మీద నెంబరు జత కలిస్తేనే పని జరుగుతుంది.

అయితే ఆ రోజుల్లో అన్ని తుపాకీలకూ నెంబరు ఉండాలనే నియమం లేదు. పోస్టులో ఆర్డర్ పెడితే ఇంటికి తుపాకీ వచ్చేది. 1968 అక్టోబర్‌లో వచ్చిన గన్ కంట్రోల్ చట్టం ఈ పరిస్థితిని మార్చింది. తయారు చేసేవాళ్లు, దిగుమతి చేసేవాళ్లు, అమ్మేవాళ్లు అందరికీ ఫెడరల్ లైసెన్స్ ఉండాలని, వాళ్లు తయారు చేసే, దిగుమతి చేసే ప్రతి తుపాకీకీ సీరియల్ నెంబరు ఉండాలని పెట్టింది.

ముందు లైసెన్స్

తుపాకీలు తయారు చేసి అమ్మాలనుకునేవాళ్లు ఏటీఎఫ్ అనే కేంద్ర సంస్థకు ఫారం 7 మీద దరఖాస్తు పెట్టాలి. మామూలు తుపాకీల తయారీకి ఇచ్చేది టైప్ 07 లైసెన్స్. ఫీజు మూడేళ్లకు 150 డాలర్లు. ఫీజు తక్కువే అనిపిస్తుంది గానీ అసలు పని వేరే ఉంది. సంస్థలో నిర్ణయాలు తీసుకునే ప్రతి ఒక్కరి వేలిముద్రలు, ఫొటోలు ఇవ్వాలి. దరఖాస్తు కాపీ ఒకటి స్థానిక పోలీసు అధికారికి పంపాలి. ఆ వీధిలో, ఆ ఊళ్లో ఈ వ్యాపారం చేయడానికి స్థానిక చట్టం ఒప్పుకోవాలి. ఏటీఎఫ్ ఇన్‌స్పెక్టర్ వచ్చి మాట్లాడి, స్థలం చూసి వెళతాడు.

నెంబరు ఎంత లోతు ఉండాలి?

తుపాకీలో మిగతా భాగాలన్నీ బిగించే ప్రధాన భాగం ఒకటి ఉంటుంది. పిస్టల్‌లో దాన్ని ఫ్రేమ్ అని, రైఫిల్‌లో రిసీవర్ అని అంటారు. అమెరికా చట్టం దృష్టిలో తుపాకీ అంటే ముఖ్యంగా ఆ భాగమే. గొట్టం మార్చినా, పిడి మార్చినా తుపాకీ మారదు. అందుకే సీరియల్ నెంబరు దాని మీదే వేయాలి.

చెక్కినా, పోత పోసినా, ముద్ర కొట్టినా పర్వాలేదు. కానీ లోతు కనీసం 0.003 అంగుళం, అక్షరం ఎత్తు కనీసం అంగుళంలో 16వ వంతు ఉండాలి. అంటే ఎత్తు ఒకటిన్నర మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ. కాగితంతో రుద్దితే పోయేలా, పెయింట్‌తో రాసినట్టు ఉండకూడదని ఈ కొలతలు. ప్లాస్టిక్ ఫ్రేమ్ అయితే అందులో లోహపు పలక బిగించి దాని మీద నెంబరు వేస్తారు. ఒక కంపెనీ ఒకసారి వాడిన నెంబరును ఇంకో తుపాకీకి మళ్లీ వాడకూడదు. నెంబరుతో పాటు తయారీదారు పేరు, ఊరు, రాష్ట్రం కూడా ఉండాలి. మోడల్ పేరు ఉంటే అదీ, తూటా సైజు కూడా వేయాలి.

2022 ఆగస్టు 24 నుంచి అమల్లోకి వచ్చిన నియమం ప్రకారం తయారీ పూర్తయ్యాక ఏడు రోజుల లోపు ఈ గుర్తులు పడాలి. అంతకంటే ముందే సరుకు బయటికి పోతుంటే పోయేలోపే పడాలి.

స్టాక్ రిజిస్టర్

ఇక కామర్స్ వాళ్లకు బాగా అర్థమయ్యే భాగానికి వద్దాం. తయారీదారు ఒక రిజిస్టర్ పెట్టాలి. ఎడమవైపు తయారైన తేదీ, మోడల్, తూటా సైజు, సీరియల్ నెంబరు. కుడివైపు ఎప్పుడు, ఎవరికి పంపారు, వాళ్ల లైసెన్స్ నెంబరు ఎంత. తయారైన ఏడు రోజుల్లో ఎడమవైపు ఎక్కాలి, పంపిన ఏడు రోజుల్లో కుడివైపు నిండాలి. కుడివైపు ఖాళీగా ఉన్న ప్రతి నెంబరూ గోదాములో కళ్లకు కనిపించాలి. కనిపించకపోతే దొంగతనమో, పోగొట్టుకోవడమో అయినట్టే. ఆ సంగతి తెలిసిన 48 గంటల్లో ఏటీఎఫ్‌కూ, స్థానిక పోలీసులకూ చెప్పాలి.

వారంటు లేకుండానే పన్నెండు నెలలకు ఒకసారి ఏటీఎఫ్ వచ్చి ఈ లెక్కలు తనిఖీ చేయొచ్చు. ఇది కాక ఏటా ఏప్రిల్ 1 లోపు గత సంవత్సరం ఎన్ని తయారు చేశారో రిపోర్టు పంపాలి. ఒక్కటి కూడా చేయకపోయినా సున్నా అని రాసి పంపాలి. మన జీఎస్టీలో నిల్ రిటర్న్ ఉన్నట్టే.

ఫారం 2 ఎవరికి?

అన్ని తుపాకీలూ ప్రభుత్వం దగ్గర పేరుతో నమోదు కావు. మెషిన్‌గన్లు, పొట్టి గొట్టం రైఫిళ్లు, సైలెన్సర్లు లాంటివి 1934 నాటి నేషనల్ ఫైర్ఆర్మ్స్ చట్టం కిందకి వస్తాయి. వీటిని తయారు చేయాలంటే మామూలు లైసెన్స్ సరిపోదు, ఏటా ప్రత్యేక వృత్తి పన్ను కూడా కట్టాలి. అది 1,000 డాలర్లు. చిన్న వ్యాపారానికి 500.

ఇలాంటిది ఒకటి తయారైతే మరుసటి పనిదినం ముగిసేలోపు ఫారం 2 పంపాలి. ఏమిటి, ఏ సీరియల్ నెంబరు, ఎప్పుడు చేశారు అనేవి అందులో ఉంటాయి. ఆ వివరాలు కేంద్ర రిజిస్టర్‌లో ఎక్కుతాయి. తర్వాత చేతులు మారిన ప్రతిసారీ ఏటీఎఫ్ అనుమతి కావాలి. మామూ అనుకున్న ఆర్‌సీ పద్ధతికి దగ్గరగా ఉండేది ఇదొక్కటే. 1986 మే 19 తర్వాత తయారైన మెషిన్‌గన్‌ను మామూలు మనిషి కొనడానికే వీల్లేదు.

నెంబరు కొడితే పేరు వస్తుందా?

మామూలు పిస్టల్, రైఫిల్ సంగతి వేరు. దేశం మొత్తానికి యజమానుల జాబితా తయారు చేయకూడదని 1986లో అమెరికా పార్లమెంటే చట్టం చేసింది. అందుకని పోలీసులకు తుపాకీ దొరికితే ఆ నెంబరును వెస్ట్ వర్జీనియాలో మార్టిన్స్‌బర్గ్ ఊళ్లో ఉన్న నేషనల్ ట్రేసింగ్ సెంటర్‌కు పంపుతారు. వాళ్లు తయారీదారును అడుగుతారు. 24 గంటల్లో జవాబు చెప్పాలి. తయారీదారు హోల్‌సేలర్ పేరు చెబుతాడు, హోల్‌సేలర్ షాపు పేరు చెబుతాడు, షాపువాడు కొన్నవాడు నింపిన ఫారం 4473 తీసి చూపిస్తాడు. మూతపడిన షాపుల రికార్డులు కూడా మార్టిన్స్‌బర్గ్‌కే చేరతాయి.

చివరికి తేలేది షాపులో మొదట కొన్న మనిషి పేరు మాత్రమే. వాడు దాన్ని ఇంకొకడికి అమ్మేసి ఉంటే? లైసెన్స్ లేని మామూలు మనుషులు తమలో తాము అమ్ముకుంటే రికార్డు రాయాలని ఫెడరల్ చట్టం చెప్పదు. కొన్ని రాష్ట్రాలు చెబుతాయి, చాలా రాష్ట్రాలు చెప్పవు. గొలుసు తెగేది అక్కడే. అలాగే తయారీదారు రిజిస్టర్‌లో 8 బదులు 3 అని పడినా వెతుకులాట మొదటి మెట్టులోనే ఆగిపోతుంది. బిడ్డను పోగొట్టుకున్న ఒక ఇంటికి ఆ తుపాకీ ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుందా లేదా అనేది ఎక్కడో ఫ్యాక్టరీలో గుమాస్తా రాసిన ఒక అంకె మీద ఆధారపడి ఉంటుంది.

ఇక నెంబరే లేని తుపాకీలు. విడిభాగాల కిట్లు కొని ఇంట్లో బిగించుకునేవి. వీటిని ఘోస్ట్ గన్స్ అంటున్నారు. సులభంగా తుపాకీగా మారే కిట్లను కూడా తుపాకీలుగానే లెక్కించాలని, అమ్మేవాడికి లైసెన్స్, కిట్‌కు సీరియల్ నెంబరు, కొనేవాడికి బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఉండాలని 2022 నియమం చెప్పింది. దాని మీద కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2025 మార్చి 26న కోర్టు 7–2 తేడాతో ఆ నియమాన్ని నిలబెట్టింది.

మన పిల్లలు తెలుసుకోవాల్సింది

మామూకి నేను ఎక్కువసేపు చెప్పింది ఈ ముక్కే. స్టూడెంట్ వీసా, హెచ్1బీ లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద వెళ్లినవాళ్లు తుపాకీ గానీ, తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ నేరం. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్స్ ఉండటం లాంటి కొన్ని మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. గ్రీన్ కార్డ్ వాళ్లకు ఈ నిషేధం వర్తించదు. కొనడం ఒక్కటే తప్పు అనుకోవద్దు. ఫ్రెండ్ తుపాకీ పట్టుకుని ఫొటో దిగడం, షూటింగ్ రేంజ్‌లో గంటసేపు అద్దెకు తీసుకోవడం కూడా ఇబ్బందిలో పడేస్తాయి. 2022లో వచ్చిన చట్టంతో ఈ నేరానికి శిక్ష 15 ఏళ్ల దాకా పెరిగింది. చదువు, వీసా ఎలాగూ పోతాయి.

ఫారం 4473లో వీసా సంగతి అడిగే ప్రశ్న ఉంటుంది. అందులో అబద్ధం రాయడం మరో నేరం. ఇంకొకడి కోసం మన పేరు మీద కొనివ్వడమూ నేరమే. సీరియల్ నెంబరు గీకేసిన తుపాకీ అని తెలిసీ దగ్గర పెట్టుకుంటే దానికి విడిగా ఐదేళ్ల దాకా జైలు. రూంమేట్ దగ్గర తుపాకీ ఉంటే అది అతని గదిలో, తాళంలో, తాళంచెవి అతని దగ్గరే ఉండాలి. అది కుదరకపోతే ఇల్లు మారడమే మంచిది.

మన ఇంట్లో తాతగారి తుపాకీ ఉంటే

ఈ నెంబరు విషయంలో మన దేశ చట్టం ఇంకా గట్టిగా ఉంది. ఆయుధాల చట్టం 1959లోని సెక్షన్ 5 ప్రకారం లైసెన్స్ లేకుండా తయారీ, అమ్మకం, రిపేరు ఏదీ కుదరదు. లైసెన్స్ లేని తయారీకి 2019 సవరణ తర్వాత ఏడేళ్ల నుంచి యావజ్జీవం దాకా శిక్ష ఉంది. సెక్షన్ 8 ఇంకో మాట చెబుతుంది. నెంబరు చెరిపినా, మార్చినా, దొంగ నెంబరు వేసినా నేరం. నెంబరు లేని తుపాకీ ఎవరి దగ్గర దొరికితే వాళ్లే దాన్ని చెరిపారని చట్టం ముందుగానే అనుకుంటుంది. కాదని నిరూపించుకోవాల్సిన భారం మన మీదే.

కాబట్టి దాదాజాన్ కాలం నాటి తుపాకీ పెట్టె అడుగున ఉంటే ముందు లైసెన్స్ పుస్తకం తీసి, అందులో నెంబరు, తుపాకీ మీద నెంబరు ఒకటేనా చూసుకోండి. నెంబరు అరిగిపోయిందని మీరే కమ్మరి దగ్గర మళ్లీ చెక్కించొద్దు. లైసెన్స్ ఉన్న పెద్దాయన ఇంతికాల్ అయిపోతే తుపాకీని అలాగే ఇంట్లో ఉంచేయకూడదు. ఆలస్యం చేయకుండా పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర గానీ అప్పగించి రసీదు తీసుకోవాలని సెక్షన్ 21 చెబుతుంది. వారసులు లైసెన్స్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు, కానీ వారసత్వంగా వచ్చినవి కలిపి కూడా ఒకరికి రెండు తుపాకీలకు మించి ఉండకూడదు. నెంబరు విషయంలో తేడా కనిపిస్తే ముందు వకీలుతో మాట్లాడి, ఆ తర్వాత స్టేషన్‌కు వెళ్లండి.

మామూ అంతా విని కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే ఆ నెంబరు నా కొడుకును కాపాడదన్నమాట" అన్నారు. కాపాడదు మామూ. ఏదైనా జరిగిన తర్వాత దారి చూపించడానికే ఆ నెంబరు. జరగకముందు జాగ్రత్తపడాల్సింది మనమే. ఆ రాత్రే ఆయన టెక్సాస్‌కు ఫోన్ చేశారు. మీ పిల్లలు కూడా అక్కడ ఉంటే, ఈ ఆదివారం కాల్‌లో ఒక్క ఐదు నిమిషాలు ఈ మాట మాట్లాడండి.