మూల మలుపులో వెలుగు ఎక్కడికి పోతుంది?

తణుకు ప్రాంతం నుంచి ఒక పాఠకుడు రాశారు. ఇంటి నుంచి కోళ్ల షెడ్డుకు 600 మీటర్ల ఫైబర్ లాగించారట. సీసీ కెమెరాలు బాగానే పనిచేశాయి. తీరా షెడ్డు గోడ మూలలో తీగను మడిచి క్లిప్పు బిగించాక సిగ్నల్ పడిపోయింది. క్లిప్పు తీసేస్తే మళ్లీ వచ్చింది. “గాజు విరగలేదు, తెగలేదు. మరి వెలుగు ఎటు పోయినట్టు?” అని అడిగారు. ఈ ప్రశ్న చదివాక ఈ నెలకు అనుకున్న వ్యాసం పక్కన పెట్టేశాను.

ముందుగా నాలుగు ముక్కలు. రాగి లాన్ కేబుల్ 100 మీటర్లు దాటితే నమ్మకం లేదు. ఫైబర్‌లో 1310 నానోమీటర్ల వెలుగు కిలోమీటరుకు 0.35 డెసిబెల్ మాత్రమే తగ్గుతుంది. అంటే 600 మీటర్లకు నూటికి ఐదు పాళ్లు కూడా పోదు. రెండు చివర్లా రెండు మీడియా కన్వర్టర్లు పెడితే సరి. కాబట్టి పాఠకుడి ఇబ్బంది దూరంతో కాదు, మలుపుతో వచ్చింది.

వెలుగు గాజు లోపల గోడకు తగిలి, అటూ ఇటూ పడుతూ లేస్తూ పోతుందని పాఠ్యపుస్తకంలో బొమ్మ ఉంటుంది. సంపూర్ణాంతర పరావర్తనం. 1841లో జెనీవాలో డానియెల్ కొలడాన్ నీటిధారలో వెలుగును వంచి చూపినప్పుడు జరిగింది అచ్చంగా అదే. (1854లో లండన్‌లో ఈ ప్రయోగం చేసి చూపిన టిండాల్‌కే ఘనత అంతా కట్టబెట్టిన పుస్తకాలు కొల్లలు. కొలడాన్ పేరు ఇకనైనా చేర్చాలి.) నీటిధార మందం వెలుగు తరంగదైర్ఘ్యానికి వేల రెట్లు ఉంటుంది కనుక అక్కడ ఆ బొమ్మ చెల్లుతుంది. షెడ్డుకు లాగిన సింగిల్‌మోడ్ ఫైబర్‌లో చెల్లదు.

ఎందుకో చూడండి. ఆ ఫైబర్ నడుమ ఉండే కోర్ వెడల్పు సుమారు 8.2 మైక్రాన్లు. చుట్టూ ఉన్న క్లాడింగ్‌తో కలిపి 125. కోర్‌కూ క్లాడింగ్‌కూ వక్రీభవన గుణకంలో తేడా నూటికి అరపాలు కూడా లేదు. ఇంత ఇరుకులో గీతలా పోయే కిరణం అనేదే ఉండదు, అల ఉంటుంది. 1310 నానోమీటర్ల దగ్గర ఆ అల వెడల్పు సుమారు 9.2 మైక్రాన్లు, 1550 దగ్గర 10.4. వెలుగు కోర్ కంటే వెడల్పన్నమాట! అందులో చెప్పుకోదగ్గ భాగం ఎప్పుడూ క్లాడింగ్‌లోనే నడుస్తుంది. అందుకే క్లాడింగ్ గాజు కూడా మచ్చలేనంత స్వచ్ఛంగా ఉండాలి. 1966లో చార్లెస్ కావో, జార్జ్ హాకమ్ తమ ప్రసిద్ధ పత్రంలో ఫైబర్‌ను లెక్కగట్టింది ఇలా అలగానే.

ఇప్పుడు మలుపు సంగతి. రథోత్సవంలో తేరు వీధి మూల తిరిగేటప్పుడు లోపలి మోకు పట్టినవాళ్లు మెల్లగా అడుగులేస్తారు, బయటి మోకు పట్టినవాళ్లు పరుగెత్తాలి. ఫైబర్ వంగినప్పుడు అలకూ ఇదే అవస్థ. మొత్తం అల ఒక్కటిగా తిరగాలంటే బయటి అంచు ఎక్కువ దూరాన్ని అదే సమయంలో దాటాలి. ఎంత బయటికి పోతే అంత వేగం కావాలి. ఒకచోటికి వచ్చేసరికి, క్లాడింగ్ గాజులో వెలుగు పోగలిగిన వేగం కంటే ఎక్కువ కావలసి వస్తుంది. అది కుదరదు. అక్కడి నుంచి ఆవలి భాగం అలను వదిలేసి, తిన్నగా గాజు బయటికి పోతుంది. పాఠకుడి వెలుగు పోయింది అక్కడికే.

వంపు పెద్దదైతే ఆ హద్దు కోర్‌కు దూరంగా, అల దాదాపు లేనిచోట పడుతుంది. వంపు బిగిస్తే హద్దు దగ్గరికి జరుగుతుంది. అల తోక కోర్ నుంచి దూరమయ్యేకొద్దీ అతివేగంగా సన్నబడుతుంది కాబట్టి హద్దు కాస్త జరిగినా నష్టం ఎన్నో రెట్లు పెరుగుతుంది. తెగని తీగలో సిగ్నల్ ఉన్నట్టుండి చచ్చిపోవడానికి కారణం ఇదే. మూలలో క్లిప్పు ఒక్క పిసరు బిగిస్తే చాలు.

ఇంకో ముచ్చట. 1550 వెలుగు అల వెడల్పెక్కువ కాబట్టి మలుపులో ముందు జారేది అదే. ఒకే ఫైబర్ మీద నడిచే కన్వర్టర్ల జతల్లో ఒకటి 1310లో పంపి 1550లో అందుకుంటుంది, రెండోది దానికి ఎదురు. కాబట్టి గట్టిగా మడిస్తే రెండు దిశలూ సమానంగా దెబ్బతినవు, 1550 దిశ ముందు కుంగుతుంది. స్ప్లైసింగ్ చేసేవాళ్లు రెండు తరంగదైర్ఘ్యాల దగ్గరా కొలిచి చూసుకుంటే ఈ తేడా దొరికిపోతుంది. 1310 దగ్గర బాగుండి 1550 దగ్గర నష్టం కనబడితే అనుమానించాల్సింది ముందు వంపునే.

ఇక వాడకం సంగతి. సాధారణ ఫైబర్‌కు 30 మిల్లీమీటర్ల వ్యాసార్ధం కంటే బిగువైన వంపు పెట్టకపోవడం మంచిది. మూల తప్పదంటే జి.657 రకం తీసుకోండి. అందులోని ఎ2 రకం 7.5 మిల్లీమీటర్ల వంపును కూడా తట్టుకునేలా చేసింది. కోర్ చుట్టూ వక్రీభవన గుణకం తక్కువున్న వలయం పెట్టడం అలాంటి ఫైబర్ల తయారీలో ఒక పద్ధతి. అది అల తోకను అదుపులో పెడుతుంది. నాకు కోపం తెప్పించేది మరొకటి: గాజు కరెంటు మోయదు కాబట్టి పిడుగుల కాలంలో ఇంటికీ షెడ్డుకూ మధ్య ఇదే మేలని చెప్పి, చివరకు ఉక్కు కవచం ఉన్న ఆర్మర్డ్ కేబుల్ అమ్ముతారు. ఆ ఉక్కుకు ఎర్తింగ్ సంగతి ఎవరూ చెప్పరు. ఎలుకల బెడద లేకపోతే లోహం బొత్తిగా లేని కేబుల్ అడిగి తీసుకోండి.