వెబ్బును ఇంటింటికి చేర్చినవారు

ఇంటర్నెట్టును ప్రయోగశాలలనుండి సామాన్యజనుల యిండ్లకు చేర్చిన ఘనత ఎవరిదని యడిగినచో, ఆ చరిత్రము కొంత యెఱిగినవారు తడుముకొనక మార్క్ ఆండ్రీసెన్ పేరు చెప్పుదురు. 1993లో అమెరికాలోని ఇల్లినాయిస్ విశ్వవిద్యాలయమునుండి వెలువడిన మొజాయిక్ అను బ్రౌజరుతోడనే వెబ్బు ప్రజల సొత్తయ్యెనని వారి తలంపు. ఆ మాట అబద్ధము కాదు గాని, కీర్తినంతయు ఒక్కరికి కట్టబెట్టు ఆ పంపకము మాత్రము న్యాయమైనది కాదని నా దృఢాభిప్రాయము.

ముందుగా ఒక భేదమును గుర్తింపవలెను. ఇంటర్నెట్టునకు, వెబ్బునకు గల సంబంధము బాటకును బాటపై నడచు బండికిని గల సంబంధమువంటిది. వింటన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ అనువారు 1970ల నాడే ఆ బాటకు వలసిన నియమములను రచించియుండిరి. బండి మాత్రము జెనీవా నగరము చెంతగల సెర్న్ అను కణభౌతిక పరిశోధనాలయమున పుట్టెను. అచటికి నానాదేశముల శాస్త్రజ్ఞులు వచ్చి కొంతకాలముండి పోవుచుందురు. నాడు ఒకరి కంప్యూటరులోని విషయము వేఱొకరి కంప్యూటరునకు అందకుండెను. మనిషి వెడలిపోయినంతనే అతడెఱిగినది అతనితోడనే పోయెడిది. ఈ చిక్కును విడదీయ సంకల్పించి టిమ్ బెర్నర్స్-లీ అను ఆంగ్లేయుడు 1989 మార్చిలో ఒక ప్రతిపాదనను వ్రాసి, 1990 చివరినాటికి నెక్స్ట్ అను కంప్యూటరుపై తొలి బ్రౌజరును, తొలి సర్వరును నిర్మించెను. ఇది సర్వరు, దీనిని ఆపవలదని ఎఱ్ఱసిరాతో వ్రాసిన చీటి యొకటి ఆ యంత్రమునకు అంటింపబడియుండెను. ఏలయన, తెలియనివారెవరైన దానిని ఆపివేసినచో నాటి వెబ్బంతయు ఆగిపోయెడిది.

అయితే ఖరీదైన ఆ నెక్స్ట్ యంత్రము లోకమున బహుకొద్దిమందికడనే యుండెను. ఆ లోపమును తీర్చినది నికోలా పెల్లో అను గణితవిద్యార్థిని. అభ్యాసార్థము సెర్న్‌కు వచ్చిన ఆ యువతి, ఎట్టి సాధారణ కంప్యూటరుపైనైనను నడువదగిన బ్రౌజరును సిద్ధము చేసెను. అందు చిత్రములు లేవు, మౌసుతో పని లేదు. లింకు గల పదము ప్రక్కన కుండలీకరణములలో ఒక అంకె కనబడును. ఆ అంకెను టైపు చేసి ఎంటరు నొక్కినచో లింకు చూపిన పుట తెరపైకి వచ్చును. నేటి కన్నులకు ఇది మిక్కిలి దరిద్రముగా తోచవచ్చును గాని, వెబ్బు తాను పుట్టిన యంత్రమును విడిచి బయటి లోకమున అడుగిడినది ఈ అంకెల మెట్లమీదుగానే. అట్టి మనిషి పేరు విననివారే యధికముగా నుండుట నాకు బాధాకరము.

తరువాత హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయపు విద్యార్థులు ఎర్వైజ్ అను బ్రౌజరును, కాలిఫోర్నియాలోని పే యువాన్ వే అనునతడు వయోలాను 1992లోనే రచించిరి. ఆ పిమ్మటనే మొజాయిక్ వచ్చెను. దాని రచనలో ఆండ్రీసెన్‌తో సమానముగా, కొన్ని భాగములలో అంతకు మించి, శ్రమించినవాడు ఎరిక్ బీనా. అక్షరముల నడుమనే బొమ్మను చూపుటయు, విండోస్, మకింటాష్ యంత్రములపై సులభముగా ఎక్కించుకొన వీలగుటయు మొజాయిక్‌ను జనప్రియము గావించెను. ఆండ్రీసెన్ 1994లో జిమ్ క్లార్క్‌తో కలసి స్థాపించిన నెట్‌స్కేప్ సంస్థ, 1995 ఆగస్టు 9న వాటాలను విపణికి తెచ్చి లోకమునెల్ల తనవైపు త్రిప్పుకొనెను. ఆఱు దినముల పిదప, ఆగస్టు 15న, విదేశ్ సంచార్ నిగమ్ మన దేశమున ప్రజలకు ఇంటర్నెట్టును తెఱచెను; చవుక ఖాతా తీసికొన్న విద్యార్థులకు నాడు తెరపై అక్షరములే తప్ప బొమ్మలు కానరాకుండెను.

ఇంతకును, వెబ్బే ఏల గెలిచెను? దానికి గోఫర్ అను ప్రత్యర్థి యుండెను. మిన్నెసోటా విశ్వవిద్యాలయమున 1991లో పుట్టిన గోఫర్ కొంతకాలము వెబ్బుకంటె మిన్నగా వ్యాపించియుండెను. 1993 ఆరంభమున ఆ విశ్వవిద్యాలయము సర్వరు సాఫ్ట్‌వేరును వాడు కొందఱినుండి రుసుము గైకొందుమని ప్రకటింపగా, జనులకు దానిపై నమ్మకము సడలెను. సరిగా ఆ తరుణమున, 1993 ఏప్రిల్ 30న, సెర్న్ వెబ్బు సాఫ్ట్‌వేరుపై తన హక్కులను వదలుకొని, ఎవరైనను ఉచితముగా వాడుకొనవచ్చునని, మార్చుకొనవచ్చునని, పంచుకొనవచ్చునని వ్రాతమూలకముగా ప్రకటించెను. కీర్తిలో పెద్దవాటా ఈ పత్రమునకే చెందవలెనని నేను నమ్ముదును. బెర్నర్స్-లీకి తొలినాటినుండి తోడు నిలిచిన బెల్జియము దేశీయుడు రాబర్ట్ కాయో దీనికై సంస్థలోని న్యాయవిభాగముతో నెలల తరబడి సంప్రదింపులు జరిపి, అధికారుల యంగీకారమును సాధించెను. ఆ పిమ్మట బ్రౌజరు వ్రాయదలచినవాడు విద్యార్థి గానిండు, మహాసంస్థ గానిండు, సెర్న్‌కు ఒక్క కాసైనను చెల్లింపవలసిన పని లేకపోయెను.